కుర్చీ ఎవరిది, కాపలా ఎవరిది?

పిల్లల్ని సాకే సంస్థకు అధ్యక్షులుగా ఉండమంటే కాదనేవాళ్లు తక్కువ. ఆ పదవిలో కూర్చున్నాక ఏం అడగాలో తెలిసినవాళ్లు మరీ తక్కువ. దుర్గాబాయి దేశ్‌ముఖ్ నడిచిన హైదరాబాద్‌లో ఆ కుర్చీ సంగతులు.

గోడకు బిగించిన చిన్న పెట్టె. పైన సన్నటి సందు, కింద తాళం. వారానికోసారి దాన్ని తెరుస్తారు. తెరిచేటప్పుడు ఆ ఇంట్లో ఉండే పిల్లలు కొందరు ఎదురుగా నిలబడి ఉండాలి. నాలుగు మడతలు పెట్టి, ఎవరి దస్తూరీ అన్నది తెలియకుండా కొట్టివేతలతో రాసిన చీటీలు బయటికొస్తాయి. సాంబారు నీళ్లలా ఉందని ఒకటి కావచ్చు. రాత్రి బాత్‌రూములో లైటు లేదని ఒకటి. ఫలానా సార్ వస్తే భయమేస్తోందని ఇంకొకటి.

ఇదేదో మంచి మనసున్న వార్డెన్ పెట్టుకున్న అలవాటు అనుకోవద్దు. జువెనైల్ జస్టిస్ నమూనా నిబంధనలు, 2016 ప్రకారం పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థలోనూ ఈ సలహాల పెట్టె ఉండి తీరాలి. రూలు రాసినవాళ్లు ఎక్కడ ఆలోచించారంటే తాళంచెవి దగ్గర. అది వార్డెన్ దగ్గర ఉండకూడదు, సూపరింటెండెంట్ దగ్గరా ఉండకూడదు. సంస్థ నిర్వహణ కమిటీ అధ్యక్షుల దగ్గరే ఉండాలి. ఇంటిని నడిపేవారి మీద ఫిర్యాదు వస్తే అది ముందుగా వాళ్ల చేతిలోనే పడకూడదు కదా.

పిల్లల సంస్థల అధ్యక్ష పదవి గురించి చెప్పడానికి ఈ తాళంచెవి కంటే మంచి మొదలు దొరకదు. మన ఊళ్లో ఆ పదవి అనగానే కళ్ల ముందు కదిలేవి శాలువా, జ్ఞాపిక, వేదిక మీద మధ్య కుర్చీ.

ఎందుకిప్పుడు ఈ మాట?

2025 జులైలో సికింద్రాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పోలీసులు కేసు పెట్టారు. పేదింటి పసికందుల్ని కొని, సరోగసీలో పుట్టిన బిడ్డలని చెప్పి పిల్లల్లేని దంపతులకు అప్పగించారన్నది ఆరోపణ. అది స్వచ్ఛంద సంస్థ కాదు, ఫీజులు తీసుకునే వ్యాపారం. అయినా ఆ వార్త చదివినవాళ్ల సందేహం అక్కడితో ఆగలేదు. పిల్లల పేరు చెప్పి బోర్డు పెట్టిన చోటల్లా లోపల ఏం జరుగుతోందో చూసేవారెవరు? ప్రభుత్వమా, పోలీసులా, లేక లెటర్‌హెడ్ మీద పేర్లున్న పెద్దమనుషులా?

చట్టం ప్రకారం ముగ్గురూ. అందరికంటే ముందు చూడగలిగింది మాత్రం మూడోవారు. పోలీసులు నేరం జరిగాక వస్తారు. ప్రభుత్వ తనిఖీ బృందం మూడు నెలలకోసారి వస్తుంది. కార్యవర్గం కావాలనుకుంటే రేపు పొద్దున్నే వెళ్లొచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. పిల్లల్ని ఉంచుకునే ఇంటికి ఇద్దరు అధ్యక్షులు ఉంటారు. పైన చెప్పిన నిర్వహణ కమిటీకి అధ్యక్షత వహించేది జిల్లా బాలల పరిరక్షణ అధికారి. ఆ కమిటీ నెలనెలా కూర్చోవాలి, అందులో పిల్లల ప్రతినిధులకూ చోటుండాలి. ఆ ఇంటిని స్థాపించి, విరాళాలు తెచ్చి, జీతాలిచ్చే సొసైటీకో ట్రస్టుకో ఇంకో అధ్యక్షులు ఉంటారు. మొదటివారిది ఉద్యోగం. రెండోవారిది ఒప్పుకున్న బరువు. ఆ రెండో కుర్చీ గురించే ఈ కథనం.

‘మీరుంటే చాలు సార్’

హైదరాబాద్‌లో ఎర్రమంజిల్ అంటే దశాబ్దాలుగా సర్కారు కొలువుల పేట. జలసౌధ ఇక్కడే, పౌర సరఫరాల భవనం ఇక్కడే. ఒకప్పటి నవాబు ఫక్రుల్‌ముల్క్ కట్టుకున్న మహల్లోనూ చాన్నాళ్లు ప్రభుత్వ ఇంజినీర్ల ఆఫీసులే నడిచాయి. ఆ ఆఫీసుల్లో రిటైరైనవాళ్లు పంజాగుట్ట, సోమాజిగూడ, అమీర్‌పేట, శ్రీనగర్ కాలనీల్లో స్థిరపడ్డారు. ఇంజినీర్లు, బ్యాంకు మేనేజర్లు, డాక్టర్లు, ఆడిటర్లు. ఊళ్లోని సేవాసంస్థలకు అధ్యక్షులు కావాలంటే చూపు పడేది వీళ్ల మీదే.

పిలుపు దాదాపు ఒకే మాదిరిగా వస్తుంది. సాయంత్రం పూట ఇద్దరు ముగ్గురు ఇంటికొస్తారు. కాఫీ అవుతుంది. “మీలాంటి పెద్దలు ఉంటే సంస్థకు గౌరవం సార్. మీరేం చెయ్యక్కర్లేదు, పనంతా మేం చూసుకుంటాం. మీరుంటే చాలు.” పాపం, చాలామంది ఆ మాటకే పడిపోతారు. మూడు దశాబ్దాలు ఫైళ్లలో కామాలు వెతికి పట్టుకున్న మనిషి ఇక్కడ మాత్రం మినిట్స్ పుస్తకం చదవకుండా సంతకం చేసేస్తాడు. “మనవాళ్లే కదా!”

ఇంకో రకం ఇంకా మామూలు. భర్త అధ్యక్షుడు, భార్య కార్యదర్శి, బావమరిది కోశాధికారి. కాగితం మీద లోటేమీ ఉండదు. ఏడుగురు కలిస్తే సొసైటీ రిజిస్టరవుతుంది, ఏడు సంతకాలూ ఉంటాయి. కార్యవర్గ సమావేశం భోజనాల బల్ల దగ్గరే అయిపోతుంది. ఇలాంటి ఇళ్లలో దొంగలే ఉంటారని కాదు. చాలాచోట్ల ప్రాణం పెట్టి పిల్లల్ని సాకుతున్నది ఇలాంటి కుటుంబాలే. ఇబ్బందల్లా తప్పు జరిగిన రోజున వస్తుంది. ఆ రోజు “ఇదేంటి?” అని అడగడానికి ఆ బల్ల దగ్గర బయటివారు ఒక్కరూ ఉండరు.

> ■ పేటలోని పాత దానాలు
> పంజాగుట్టలోని నిమ్స్ మొదట్లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి. 1960లలో నిజాం చారిటబుల్ ట్రస్టు డబ్బుతో వెలిసింది. తర్వాత ప్రభుత్వం చేతికొచ్చి, 1989లో శాసనసభ చేసిన చట్టంతో విశ్వవిద్యాలయ హోదా పొందింది.
> ఇక్కడికి కాస్త దూరంలో, రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ పిల్లల ఆసుపత్రి. యువరాణి నీలోఫర్ పరిచారిక 1949లో కాన్పు సమయంలో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి పుట్టిన ఆసుపత్రి 1953లో తలుపులు తెరిచింది.

టికెట్ అడిగిన పిల్ల

1923 డిసెంబరు. కాకినాడలో కాంగ్రెస్ మహాసభ. పక్కనే ఖద్దరు ప్రదర్శన. ద్వారం దగ్గర పద్నాలుగేళ్ల వాలంటీరు ఒకమ్మాయి. టికెట్ లేనిదే ఎవరినీ లోపలికి పంపొద్దని ఆమెకు చెప్పారు. కాసేపటికి జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. చేతిలో టికెట్ లేదు. అమ్మాయి ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడ్డారు. తనకు చెప్పిన పనే చేశానంది. చివరికి టికెట్ కొన్నాకే నెహ్రూ లోపలికి వెళ్లారు.

ఆ అమ్మాయి రాజమండ్రిలో 1909 జులై 15న పుట్టిన దుర్గాబాయి. ఈ కథను మనవాళ్లు ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. దాని అసలు రుచి వేరే చోట ఉంది. నియమం పెట్టినవాళ్లే పెద్దమనిషిని చూసి నియమాన్ని మర్చిపోయారు. కాపలా ఉన్న పిల్ల మర్చిపోలేదు. పిల్లల సంస్థకు అధ్యక్షులుగా ఉండేవారికి కావలసిన మొదటి గుణం ఇదే. రెండోదేమిటో నాకైతే తోచదు.

1937లో మద్రాసు మైలాపూర్‌లో ఆమె మొదలుపెట్టింది పిల్లల గుంపుతోనే. ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అనే ఆ ఆటపాటల సంఘమే ఆంధ్ర మహిళాసభ అయింది. ఆ తర్వాత రాజ్యాంగ పరిషత్తు, ప్రణాళికా సంఘం. 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షురాలు దుర్గాబాయే. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఆ బోర్డు చేతిలో పెట్టిన మొత్తం 4 కోట్ల రూపాయలు. దేశమంతటా ఉన్న స్వచ్ఛంద సంస్థలకు, అందులోనూ స్త్రీలకు, పిల్లలకు పనిచేసేవాటికి గ్రాంట్లు ఇవ్వాలి.

అప్పటిదాకా ఆమె చందాలు అడిగే వైపు ఉన్నారు. ఇప్పుడు డబ్బిచ్చే వైపుకు వచ్చారు. అడిగేవాళ్ల ఇబ్బందులూ తెలుసు, ఎత్తులూ తెలుసు. 1954 ఆగస్టు 15న బోర్డు మొదలుపెట్టిన గ్రామ సంక్షేమ విస్తరణ పథకాల్లో బాల్వాడీ, కాన్పు సాయం, చేతిపని ఒక్కచోటే నడిచేవి. బడికి వెళ్లే వయసు రాని పిల్లల్ని పగటిపూట చూసుకోవడం ప్రభుత్వ డబ్బుతో చేయదగ్గ పనేనని ఒప్పించడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అంగన్‌వాడీ వ్యవస్థ వచ్చింది 1975 అక్టోబరు 2న, అదీ 33 బ్లాకుల్లో. అంటే దానికి రెండు దశాబ్దాల ముందు మాట ఇది.

మరో తెలుగు మహిళ సంగతీ ఇక్కడే చెప్పాలి. 2007 మార్చిలో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడితే, తొలి అధ్యక్షురాలు నెల్లూరులో పుట్టిన శాంతా సిన్హా. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ ద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పశువుల వెంట నుంచి, పత్తి చేల నుంచి బడికి నడిపించిన మనిషి. 2003లో మెగసెసే అవార్డు అందుకున్నారు. కమిషన్‌కు వెళ్లాక ఢిల్లీ గదిలో కూర్చోకుండా రాష్ట్రాల్లో బహిరంగ విచారణలు పెట్టించారు. పిల్లలు, తల్లిదండ్రులు ఒక పక్క, అధికారులు ఒక పక్క, మధ్యలో కమిషన్ సభ్యులు. ఏ అధ్యక్షులైనా చూసి నేర్చుకోదగ్గ పద్ధతి.

తండాల నుంచి శిశువిహార్‌కు

పెద్దల పేర్లతో ఈ చరిత్ర అంతా వెలుగేనని అనుకుంటే పొరపాటు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి హైదరాబాద్ పరువు తీసిన వార్తలు పాత పాఠకులకు గుర్తుండే ఉంటాయి. లంబాడీ తండాల నుంచి, ముఖ్యంగా ఆడపసికందుల్ని, మధ్యవర్తులు కొద్దిపాటి డబ్బుకు తీసుకొచ్చారు. దత్తత సంస్థలుగా రిజిస్టరైన ఇళ్లలో చేర్చి విదేశీ దంపతులకు ఇచ్చేందుకు కాగితాలు తయారు చేశారు. కేసులు పడ్డాయి, అరెస్టులు జరిగాయి. ఆ ఇళ్ల నుంచి తెచ్చిన పసివాళ్లు ఎర్రమంజిల్‌కు దగ్గరలోని ప్రభుత్వ శిశుగృహం శిశువిహార్‌కు చేరారు. పిల్లల్ని వదులుకునే పద్ధతిపైన, సంస్థలు వాళ్లను నేరుగా చేర్చుకోవడంపైన ప్రభుత్వం కట్టుదిట్టాలు తెచ్చింది.

ఆ ఇళ్లకూ కార్యవర్గాలు ఉన్నాయి. రిజిస్ట్రేషన్లు, లెటర్‌హెడ్లు, ఆడిట్ కాగితాలు ఉన్నాయి. లేనిదల్లా ఒక్క ప్రశ్న: ఈ నెల ఇంతమంది నెలల పిల్లలు ఎక్కడి నుంచి వచ్చారు? చేరికల రిజిస్టరు ముందేసుకుని, తల్లి సంతకం ఏది, ఏ ఊరు, ఎవరు తీసుకొచ్చారు అని కార్యవర్గంలో ఒక్కరు పట్టుబట్టి ఉంటే కథ పోలీసుల దాకా వెళ్లడానికి ముందే ఆగేది.

బిహార్‌లోని ముజఫర్‌పూర్ బాలికల ఇంట్లో జరిగిన లైంగిక దాడుల దారుణం 2018లో ఎలా బయటపడిందో గుర్తుచేసుకుంటే తేడా తెలుస్తుంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం ఒకటి రాష్ట్రంలోని ఇళ్ల సోషల్ ఆడిట్‌కు వెళ్లింది. వాళ్లు ఖాతా పుస్తకాలతో సరిపెట్టుకోలేదు. పిల్లలతో కూర్చుని మాట్లాడారు. ఏళ్ల తరబడి అధికారులకు కనిపించనిది అప్పుడు బయటికొచ్చింది. 2020లో ఢిల్లీ కోర్టు శిక్షలు వేసింది.

> ■ సంతకం చేసేముందు
> ● పిల్లల్ని ఉంచుకునే సంస్థ జువెనైల్ జస్టిస్ చట్టం (2015) సెక్షన్ 41 కింద రిజిస్టరు కావాలి. కాకపోతే బాధ్యులకు ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ.
> ● సంరక్షణ సంస్థలో పనిచేసేవారు, నడిపేవారు పిల్లల పట్ల క్రూరంగా ఉంటే సెక్షన్ 75 కింద ఐదేళ్ల వరకు కఠిన జైలు, 5 లక్షల వరకు జరిమానా.
> ● కింది ఉద్యోగి చేసిన లైంగిక నేరం తెలిసీ ఫిర్యాదు చేయని సంస్థ బాధ్యులకు పోక్సో చట్టం (2012) సెక్షన్ 21 కింద ఏడాది వరకు జైలు. ‘సంస్థ పరువు’ అన్న సాకు చట్టంలో లేదు.
> ● విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చులకు 2020 సవరణ తర్వాత 20 శాతమే వాడాలి. అంతకుముందు 50 శాతం దాకా వీలుండేది.

మంచి మనసుతో మునిగిన పడవ

అధ్యక్షులు చెడ్డవారైతేనే సంస్థ మునుగుతుందా? లండన్‌లోని కిడ్స్ కంపెనీ సంగతి చూడండి. కమీలా బాత్‌మాన్‌గెలీజ్ అనే మహిళ 1996లో స్థాపించిన ఈ ధర్మసంస్థ వీధుల్లో, చెదిరిన కుటుంబాల్లో పెరిగే పిల్లలకు తిండి, బట్ట, మాటసాయం అందించేది. ఆమె మాటకారి. ప్రధానమంత్రులే అభిమానులు. ప్రభుత్వ ఖజానా నుంచి ఆ ఏళ్లన్నిటిలో 4 కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. ధర్మకర్తల మండలికి 2003 నుంచి అధ్యక్షుడు బీబీసీలో పేరుమోసిన అలన్ యెంటాబ్.

2015 ఆగస్టులో సంస్థ మూతపడింది. అంతకు కొద్ది రోజుల ముందే ప్రభుత్వం మరో 30 లక్షల పౌండ్లు ఇచ్చింది. చేతిలో నిల్వ డబ్బు లేకుండా, వచ్చింది వచ్చినట్టు ఖర్చు చేస్తూ, ప్రతి ఏటా ఎవరో ఒకరు ఆదుకుంటారన్న ధీమాతో నడిచిన ఇల్లు అది. పార్లమెంటు కమిటీ ధర్మకర్తలను గట్టిగా తప్పుపట్టింది. వాళ్లను కంపెనీ పదవులకు అనర్హులుగా ప్రకటించాలని వేసిన కేసును మాత్రం 2021లో హైకోర్టు కొట్టేసింది. సేవకు వచ్చేవాళ్లను ఇలాంటి కేసులు భయపెట్టకూడదన్నది అక్కడ గట్టిగా వినిపించిన మాట. 2022లో ఛారిటీ కమిషన్, మోసం లేదు కానీ నిర్వహణలో లోపం ఉంది అంది.

మన దగ్గర ఈ కథకు పోలికలు వెతకనక్కర్లేదు, రోజూ కనిపిస్తాయి. స్థాపకులు అమ్మలా, నాన్నలా పిల్లల్ని చూసుకుంటారు. వారిని లెక్కలడగడం అధ్యక్షులకు పాపంలా అనిపిస్తుంది. “ఆవిడ తన నగలమ్మి ఈ ఇల్లు కట్టింది, ఆవిడను బ్యాంకు పాస్‌బుక్ అడగనా?” అడగాలి. నగలమ్మిన మనిషికి రేపు జ్వరమొస్తే పిల్లల పాలబిల్లు ఎవరు కట్టాలో తేలాలంటే అడగాలి. వచ్చే ఆరు నెలలకు జీతాల డబ్బుందా? సంతకం పెట్టగలిగే రెండో మనిషి ఉన్నారా? ఇవి అనుమానపు ప్రశ్నలు కావు. అయినా అడిగినవాళ్లు కాసేపు చెడ్డవాళ్లవుతారు. జీతం లేని ఈ పదవిలో అంతో ఇంతో ముట్టేది ఆ చెడ్డపేరే.

క్రెష్ దొరకని వీధి

ఆశ్రమాల సంగతి ఇలా ఉంటే, పగటిపూట పిల్లల్ని చూసే చోట్లది ఇంకో తీరు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ పొద్దున ఏడింటికే కోచింగ్ సెంటర్లు తెరుచుకుంటాయి. వాటిలో ఊడ్చేవాళ్లు, హాస్టళ్లలో వండేవాళ్లు, పంజాగుట్ట నగల షాపుల్లో, బట్టల షాపుల్లో రోజంతా నిలబడి అమ్మేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్ల పిల్లలెక్కడ?

ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో తెచ్చిన సవరణ ప్రకారం 50 మంది, అంతకుమించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. హైటెక్‌సిటీ కంపెనీలకు ఇది వర్తిస్తుంది. పన్నెండు మంది పనిచేసే షాపుకు వర్తించదు. నాలుగిళ్లలో అంట్లు తోమే మనిషికి అసలే వర్తించదు. తల్లి డ్యూటీ రాత్రి దాకా ఉంటుంది, అంగన్‌వాడీ అప్పటిదాకా పిల్లల్ని ఉంచుకోదు.

ఈ ఖాళీని ఢిల్లీలో ముందుగా చూసింది మీరా మహదేవన్. 1969లో గాంధీ శతజయంతి ప్రదర్శనకు కట్టడాలు జరుగుతున్న చోట కూలీల పసిబిడ్డలు ఎండలో, దుమ్ములో పడి ఉండటం ఆమె కంటపడింది. అక్కడే ఒక గుడారంలో మొదలైంది మొబైల్ క్రెషెస్. పని ఎక్కడుంటే క్రెష్ అక్కడికే వెళ్లాలన్న ఆలోచన అది. ఇప్పుడు కేంద్రం ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీలతో కలిపి క్రెష్‌లు నడిపే పథకం తెచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం. దానికి ముందున్న జాతీయ క్రెష్ పథకంలో కొలతలు స్పష్టంగా ఉండేవి: నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు.

ఈ అంకెలు అధ్యక్షులకు బాగా పనికొస్తాయి. లోపలికెళ్లి తలలు లెక్కపెడితే చాలు. నలభై మంది పిల్లలకు ఇద్దరే ఉన్నారంటే, గోడల మీద ఎన్ని రంగుల బొమ్మలున్నా సంగతి అర్థమైపోతుంది. చెప్పి వెళ్తే మాత్రం ఆ రోజుకు పక్కింటి అక్కను కూడా తెచ్చి కూర్చోబెడతారు.

పిలుపు వచ్చినప్పుడు

అయితే ఒప్పుకోవద్దనా? ఒప్పుకోవాలి. రిటైరైన ఆడిటరుకు, పిల్లల డాక్టరుకు, హెడ్‌మాస్టరుకు ఇంతకంటే పనికొచ్చే వ్యాపకం దొరకదు. కాఫీ తాగడం అయ్యాక నాలుగు కాగితాలు అడగాలి, అంతే. సెక్షన్ 41 రిజిస్ట్రేషన్, దాని గడువు. గత మూడేళ్ల ఆడిట్ లెక్కలు. కిందటి సర్వసభ్య సమావేశం మినిట్స్, కోరం ఉందో లేదో తెలిసేలా సంతకాలతో. ఉద్యోగుల జాబితా, ఎవరి పూర్వాపరాలు పోలీసులు పరిశీలించారో లేదో సహా. తర్వాత ఒక భోజనం వేళ చెప్పకుండా వెళ్లి, పిల్లల పక్కన కూర్చుని తిని రావాలి.

దుర్గాబాయి 1981 మే 9న కన్నుమూశారు. ఆమె నాటిన ఆంధ్ర మహిళాసభ విద్యాసంస్థలు, విద్యానగర్‌లో ఆమె పేరిట ఉన్న ఆసుపత్రి ఆమె తర్వాత కూడా నడిచాయి. కిడ్స్ కంపెనీ స్థాపకురాలు బతికుండగానే మూతపడింది. తేడా ఎక్కడుందో బ్రిటన్ పార్లమెంటు కమిటీ నివేదికలో వెతకొచ్చు. లేదంటే మన వీధిలోని ఏదైనా సొసైటీ మినిట్స్ పుస్తకం తెరిచి, అధ్యక్షులు ఎన్నిసార్లు “ఇది అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి” అన్నారో చూడొచ్చు. చాలా పుస్తకాల్లో ఆ వాక్యమే కనిపించదు. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అన్నది మాత్రం ప్రతి పేజీలోనూ ఉంటుంది.

సంస్థ రిజిస్ట్రేషన్ గురించి అనుమానం వస్తే ఎవరైనా అడగొచ్చు, అధ్యక్షులే కానక్కర్లేదు. మహిళా శిశు సంక్షేమ శాఖ కార్యాలయం మధురానగర్, వెంగళరావునగర్ ప్రాంతంలోనే ఉంది. ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కితే పంజాగుట్ట, ఆ తర్వాత అమీర్‌పేట. అక్కడ మారి రాయదుర్గం వైపు బండెక్కితే, మధురానగర్ వచ్చే మొదటి స్టేషనే.